పనిచేస్తున్న కంప్యూటర్‌కి సపోర్టు ఎందుకు ఆపేస్తారు?

సీతమ్మధార_శ్రీను
2016లో డాబాగార్డెన్స్‌లో అసెంబుల్ చేయించుకున్న సిస్టమ్ ఉంది మా ఇంట్లో. ఐ5, 6వ తరం. ర్యామ్ 16 జీబీకి పెంచాం, మధ్యలో ఎస్ఎస్‌డీ వేయించాం. ఈరోజుకీ ఎక్కడా ఆగదు. అమ్మాయి ఇంటర్ క్లాసులు, మా ఆవిడ ట్యాలీ, నా ఆఫీసు పని అన్నీ దానిమీదే. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్టు (సెక్యూరిటీ అప్‌డేట్లు ఇవ్వడం) అయిపోయింది, 11కి వెళ్దామంటే మీ ప్రాసెసర్‌కి అర్హత లేదని స్క్రీన్ మీద వస్తోంది. షాపులో అడిగితే కొత్తది తీసుకోండి సార్ అని రేట్లు చెప్పడం మొదలెట్టాడు. పాడైన వస్తువుని పక్కన పెట్టమంటే అర్థముంది, బాగున్నదాన్ని పెట్టమంటే ఒళ్లు మండుతోంది. దీని వెనక నిజంగా సాంకేతిక కారణం ఏదైనా ఉందా, లేక కొత్తవి అమ్ముకోవడానికేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

గాజువాక_గిరి
అమ్ముకోవడానికే గురూ. ఇందులో ఆలోచించడానికి ఏటుంది.

కెర్నల్_రాజు
గిరి అన్నంత తేలిక కాదు. నేను రుషికొండలో డ్రైవర్లు, అంటే ఒక్కో చిప్‌ని విండోస్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్లు, రాసే పనిలోనే ఉన్నాను కాబట్టి మా వైపు నుంచి ఎలా ఉంటుందో చెప్తాను.

శ్రీను గారి సిస్టమ్ ఒక కంపెనీ తయారుచేసింది కాదు. బోర్డు ఒకరిది, సౌండ్ చిప్ ఇంకొకరిది, నెట్‌వర్క్ చిప్ మరొకరిది, గ్రాఫిక్స్ కార్డు ఉంటే అది వేరే వాళ్లది. ఒక్కోదానికీ డ్రైవర్ కావాలి. ఆ డ్రైవర్ రాసిన టీమ్ చిప్ అమ్మకాలు ఉన్నంతకాలం దానిమీద ఉంటుంది, తర్వాత వాళ్లని కొత్త చిప్ మీదకి మార్చేస్తారు. ఈలోగా ఓఎస్ (విండోస్ లాంటి మూల సాఫ్ట్‌వేర్) లోపల ఏదో మారుతుంది, పాత డ్రైవర్ దానికి సరిపడదు. సరిచేయాలంటే కోడ్ తెలిసిన మనిషి ఉండాలి, టేబుల్ మీద ఆ పాత చిప్పూ ఉండాలి. మా ల్యాబ్‌లో పాత బోర్డులు పెట్టుకునే ర్యాక్ ఉంది, అందులో ఒక బోర్డు పోతే దాని జతది ఎక్కడ దొరుకుతుందా అని వెతుక్కోవడమే పెద్ద పని. నెలనెలా రెండో మంగళవారం సెక్యూరిటీ ప్యాచ్‌లు (లోపాలు పూడ్చే అప్‌డేట్లు) వస్తాయి చూడండి, వాటిని ఇలాంటి వందల రకాల కలయికల మీద పరీక్షించాలి. వాడేవాళ్లు తగ్గుతూ ఉంటారు, పరీక్ష ఖర్చు మాత్రం తగ్గదు.

ప్రాసెసర్ వాళ్లదీ ఇదే కథ. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అని ప్రాసెసర్ల డిజైన్‌లోనే లోపాలు బయటపడ్డాయి. అదే ఏప్రిల్‌లో ఇంటెల్, 2007–2011 మధ్య వచ్చిన కొన్ని ప్రాసెసర్ కుటుంబాలకి మైక్రోకోడ్ (చిప్ లోపలి కోడ్) సవరణ ఇవ్వబోమని చెప్పేసింది. కింద చిప్ తయారుచేసినవాడే చేతులెత్తేశాక పైన ఓఎస్ వాడు ఎంతని కప్పుతాడు?

సీతమ్మధార_శ్రీను
రాజు గారూ, అది పదిహేనేళ్ల నాటి చిప్‌ల సంగతి. నాది అంత పాతది కాదు కదా. విండోస్ 11కి టీపీఎం 2.0 (రహస్య తాళాలు దాచే భద్రతా చిప్) కావాలన్నారు, బయోస్‌లోకి (బోర్డు సెట్టింగ్స్‌లోకి) వెళ్లి పీటీటీ (ఇంటెల్‌లో అంతర్గతంగా ఉండే టీపీఎం) ఆన్ చేశాను, టీపీఎం 2.0 వచ్చింది. సెక్యూర్ బూట్ ఉంది. ర్యామ్ 4 జీబీ చాలన్నారు, నాకు దానికి నాలుగింతలుంది. అన్నిటికీ ఆకుపచ్చ టిక్ పడి ఒక్క ప్రాసెసర్ దగ్గరే ఎర్రది పడుతోంది.

పాత_సీపీయూ
శ్రీను గారు సరైన చోట పట్టుకున్నారు. ఇంటెల్‌లో గీత 8వ తరం దగ్గర గీశారు. 2017 ఆగస్టులో వచ్చిన ల్యాప్‌టాప్ 8వ తరం చిప్‌లు లోపల చూస్తే 7వ తరం డిజైనే, కోర్లు పెంచారంతే. అయినా 7వది బయట, 8వది లోపల. ఇంకా ఒళ్లు మండే సంగతి చెప్పనా? 2021లో జనం గోల చేశాక 7వ తరంలోంచి కొన్నిటికి మినహాయింపు ఇచ్చారు. ల్యాప్‌టాప్ చిప్‌ల్లో ఆ అదృష్టం దక్కింది 7820హెచ్‌క్యూ ఒక్కదానికే. అది ఎందులో ఉంటుందంటే మైక్రోసాఫ్ట్ సొంతంగా అమ్మిన సర్ఫేస్ స్టూడియో 2లో.

అప్పుడు వాళ్లు చెప్పిన కారణం, అర్హత లేని మెషీన్లలో కెర్నల్ (ఓఎస్ గుండెకాయ) క్రాష్‌లు 52 శాతం ఎక్కువ వచ్చాయని. అర్హత ఉన్నవాటిలో 99.8 శాతం క్రాష్ లేకుండా నడిచాయన్నారు. అసలు క్రాష్‌లే అంత తక్కువైనప్పుడు దానికి ఇంకో 52 శాతం కలిపితే ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి.

గాజువాక_గిరి
చూశారా, నేను ఒక్క ముక్కలో చెప్పింది ఈయన రెండు పేరాల్లో చెప్పాడు.

కెర్నల్_రాజు
సర్ఫేస్ విషయంలో మీతో వాదించను, అది చూడ్డానికి బాగోలేదు. కానీ 6వ తరానికి నిజమైన కారణం ఒకటుంది. విండోస్ 11లో మెమరీ ఇంటెగ్రిటీ అని ఉంటుంది. కెర్నల్‌లోకి దొంగ కోడ్ దూరకుండా వర్చువలైజేషన్ అడ్డం పెట్టి కాపలా కాసేది. దానికి ప్రాసెసర్‌లో ఎంబీఈసీ అనే సౌకర్యం ఉండాలి. ఇంటెల్‌లో అది 7వ తరం నుంచి వచ్చింది. 6వ తరంలో ఆ పని సాఫ్ట్‌వేర్‌తో చేయించాలి, స్పీడు బాగా పడిపోతుంది. అప్పుడు శ్రీను గారే వచ్చి 11 వేశాక సిస్టమ్ ఈడ్చుకుంటోంది అని ఇక్కడ పోస్టు పెడతారు.

పాత_సీపీయూ
మరి ఎంబీఈసీ ఉన్న 7వ తరాన్ని ఎందుకు బయట పెట్టారు?

కెర్నల్_రాజు
దానికి నిలబడే సాంకేతిక జవాబు నా దగ్గర లేదు.

డీటీపీ_సత్యం
మీరు విండోస్ 10 గురించి ఏడుస్తున్నారు, అల్లిపురంలో మా షాపులో ఒక సిస్టమ్ మీద ఇంకా విండోస్ ఎక్స్‌పీనే ఉంది. దానికి సపోర్టు పోయింది 2014 ఏప్రిల్ 8న. ఎందుకు మార్చలేదంటే పేజ్‌మేకర్ (పేజీలు డిజైన్ చేసే పాత సాఫ్ట్‌వేర్), అను ఫాంట్లు (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు). పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత ఇంకో వెర్షన్ లేదు. మా దగ్గర ఉన్న శుభలేఖలు, కరపత్రాలు, దేవస్థానం రసీదు పుస్తకాలు అన్నీ ఆ ఫైళ్లే. మాఘమాసం ముహూర్తాలు మొదలైతే ఒక్కో కస్టమర్ వచ్చి మా పెద్దమ్మాయి పెళ్లికి వేసిన డిజైనే చిన్నమ్మాయికీ వేసెయ్యండి అంటాడు. ఫైల్ తెరిచి పేర్లు, ముహూర్తం మార్చి ప్రింట్ ఇవ్వాలి. కొత్త సిస్టమ్‌లో తెరిస్తే ఒత్తులు ఒకచోట, అక్షరాలు ఒకచోట.

దానికి నెట్ కేబుల్ పెట్టను. మా బాధ అంతా పెన్‌డ్రైవ్‌లతోనే. కస్టమర్ పెన్‌డ్రైవ్ గుచ్చగానే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయి కనిపిస్తాయి, చూసే ఉంటారు. అందుకని ముందు పక్కనున్న సిస్టమ్‌లో గుచ్చి, శుభ్రం చేసి, మా సొంత పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి అప్పుడు ఎక్స్‌పీకి ఇస్తాం. పని కుర్రాడు తొందరలో ఈ వరస తప్పాడంటే ఆ రోజు షాపు మూసుకోవాల్సిందే.

ఎంవీపీ_మాస్టారు
సత్యం గారూ, నెట్ పెట్టకపోవడం మంచి పని. 2017 మే నెలలో వన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు గుర్తుందా? మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దానికి చిక్కాయి. ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగింది. ఎక్స్‌పీకి సపోర్టు ఆపి మూడేళ్లు దాటినా మైక్రోసాఫ్ట్ అప్పటికప్పుడు దానికి ప్యాచ్ విడుదల చేయాల్సి వచ్చింది. సపోర్టు ఆపేయడమంటే మన ఇంటి సమస్య ఒక్కటే కాదు, ఒక పాత సిస్టమ్ నుంచి పక్కవాళ్లకీ పాకుతుంది.

పాత_సీపీయూ
మాస్టారూ, వన్నాక్రైలో ఎక్కువగా దెబ్బతిన్నవి విండోస్ 7 మెషీన్లు. వాటికి సపోర్టు అప్పటికి ఇంకా ఉంది, 2020 జనవరి 14 దాకా. ప్యాచ్ కూడా రెండు నెలల ముందు, మార్చిలోనే వచ్చేసింది. వేసుకోనివాళ్లు చిక్కారు. కాబట్టి అది సపోర్టు ఆపడం వల్ల వచ్చిన ఉపద్రవమని చెప్పలేం.

ఎంవీపీ_మాస్టారు
ఒప్పుకుంటాను. కానీ ప్యాచ్ ఉంటే వేసుకునే అవకాశం ఉంటుంది. లేనప్పుడు జాగ్రత్తపరుడికీ దారి ఉండదు.

లక్ష్మి_ఎన్ఏడీ
నాది కొంచెం వేరే కథ కానీ ఇక్కడికే వస్తుంది. ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ఆన్‌లైన్ సేవల సెంటర్ నడుపుతాను. ఆధార్ వేలిముద్ర పరికరాల్లో ఎల్0 తీసేసి ఎల్1 తప్పనిసరి చేశారు. నా పాత పరికరం గాజు మీద చిన్న గీత కూడా లేదు. పెద్దవాళ్ల అరిగిపోయిన వేలిముద్రలు కూడా పట్టేది, పింఛను వాళ్లు నా దగ్గరికే వచ్చేవారు. ఒకరోజు నుంచి అది పనికిరాదు, కొత్తది కొనుక్కోవాలి. ఎందుకని కనుక్కుంటే, పాతదాంట్లో వేలిముద్రకి తాళం పడేది కంప్యూటర్‌లోకి వచ్చాక, కొత్తదాంట్లో పరికరం లోపలే పడుతుంది, మధ్యలో ఎవరూ దొంగిలించలేరు అన్నారు. ఆ కారణం నాకు నచ్చింది, జనం వేలిముద్రలతో ఆటలాడకూడదు. కానీ ఖర్చు మొత్తం నా నెత్తినే పడింది. భద్రత అందరిదీ అయినప్పుడు బిల్లు చిన్నవాళ్ల దగ్గరికే ఎందుకు వస్తుంది?

ఖాతా_పుస్తకం
లక్ష్మి గారు అడిగిందే అసలు ప్రశ్న. నేను లెక్కల మనిషిని, కోడ్ తెలీదు. విండోస్ లైసెన్సు డబ్బు మనం సిస్టమ్ కొన్నప్పుడు ఒకేసారి వెళ్లిపోయింది. తర్వాత పదేళ్లు ప్యాచ్‌లు ఇవ్వడం వాళ్లకి ఖర్చే, మన దగ్గర్నుంచి మళ్లీ పైసా రాదు. మళ్లీ రావాలంటే మనం ఇంకో సిస్టమ్ కొనాలి. ఇలాంటి లెక్క ఉన్నచోట గీత ఎక్కడ పడుతుందో ఊహించడం కష్టం కాదు.

ఇంకొకటి చూడండి. విండోస్ 10కి ప్యాచ్‌లు రాయడం ఆగలేదు. కంపెనీలకి డబ్బు తీసుకుని ఇస్తున్నారు. మొదటి ఏడాది సిస్టమ్‌కి 61 డాలర్లు, రెండో ఏడాది దానికి రెట్టింపు, మూడో ఏడాది దానికి మళ్లీ రెట్టింపు. అంటే 2028 దాకా. పరిశ్రమల్లో, మెషీన్లలో వాడే ఐఓటీ ఎల్‌టీఎస్‌సీ రకం విండోస్ 10కైతే 2032 జనవరి దాకా ఇస్తామని వాళ్లే రాసుకున్నారు. వంట అయింది, వడ్డించడం మాత్రం టోకెన్ ఉన్నవాళ్లకే.

కెర్నల్_రాజు
ప్యాచ్ రాయడం వేరు, దాన్ని ప్రపంచంలో ఉన్న ప్రతి బోర్డు మీదా పరీక్షించి బాధ్యత తీసుకోవడం వేరు అండీ. ఐఓటీ వాళ్లవి ఎంపిక చేసిన మెషీన్లు. కంపెనీలకైతే సొంత ఐటీ వాళ్లుంటారు, ఒకటి ఆగిపోతే వాళ్లు చూసుకుంటారు. మీ ఇంట్లో ఆగిపోతే మీరు తిట్టేది విండోస్‌నే. అయినా మీ లెక్కలో నిజముంది, కాదనను. పని కష్టమైనది, అది నిజం. ఎప్పుడు ఆపాలన్న తేదీ పెట్టేది మాత్రం ఇంజనీర్లు కాదు, నాకు అంతవరకు తెలుసు.

రుషికొండ_డిజైనర్
అందరూ మైక్రోసాఫ్ట్‌నే అంటున్నారు, నా మ్యాక్ సంగతి వినండి. ఇక్కడ చిప్, బోర్డు, ఓఎస్ అన్నీ ఒకే కంపెనీవి, రాజు గారు చెప్పిన ఆ వంద రకాల కలయికల గొడవే లేదు. అయినా 2020లో కొన్న నా ఇంటెల్ మ్యాక్‌బుక్ ఎయిర్‌కి 2024లో వచ్చిన మ్యాక్ ఓఎస్ సెకోయానే ఆఖరు. 2025లో వచ్చిన టాహో దానికి రాదు. టాహో ఇంటెల్ మ్యాక్‌లలో నాలుగు మోడళ్లకే వస్తుంది, దాని తర్వాత ఇంటెల్ మొత్తం బంద్. నేను కొన్న ఏడాదే నవంబర్‌లో యాపిల్ సొంత చిప్ ఎం1 తెచ్చారు. కొన్న రోజున ఆ సంగతి ఒక్క ముక్క చెప్పినా ఆగేదాన్ని.

వాళ్లకి ఇది అలవాటే. 2006లో పవర్‌పీసీ చిప్‌ల నుంచి ఇంటెల్‌కి మారారు, 2009లో స్నో లెపర్డ్ వచ్చేసరికి పవర్‌పీసీకి తలుపు మూసేశారు. రెండు రకాల చిప్‌లకి ఒకే ఓఎస్ మోయడం బరువే, అర్థమవుతుంది. కానీ ఆ బరువు ఎన్నాళ్లు మోస్తారో ముందు చెప్పాలి కదా. విడిభాగాల మీద మాత్రం స్పష్టంగా రాస్తారు, అమ్మకం ఆపిన 5 ఏళ్లకి వింటేజ్, 7 ఏళ్లకి అబ్సొలీట్. సాఫ్ట్‌వేర్‌కి అలాంటి మాట ఎక్కడా ఉండదు.

మద్దిలపాలెం_మెకానిక్
రోజూ ఈ పాత సిస్టమ్‌లు విప్పేవాణ్ణి కాబట్టి ఒక మాట. మన ఊళ్లో బీచ్ రోడ్ వైపు ఫ్లాట్ల నుంచి వచ్చేవాటికి సాఫ్ట్‌వేర్ కంటే ముందు ఉప్పుగాలి తగులుకుంటుంది. మూత తీస్తే పోర్టుల చుట్టూ పచ్చగా చిలుం, ర్యామ్ కాళ్లు నల్లబడి ఉంటాయి. చాలామంది సిస్టమ్ పోయిందని తెస్తారు, పెన్సిల్ రబ్బరుతో ర్యామ్ రుద్ది, స్లాట్ బ్రష్ చేసి, బోర్డు మీది 2032 బిళ్ల సెల్ మార్చి ఇస్తే లేచి కూర్చుంటుంది. అలా లేపి ఇచ్చిన సిస్టమ్‌కి విండోస్ 11 రాదని చెప్పాల్సి వచ్చినప్పుడు నాకే ప్రాణం ఉసూరుమంటుంది.

శ్రీను అన్నా, మీకు ఇప్పుడే కంగారు లేదు. విండోస్ 10 ఇళ్లలో వాడేవాళ్లకి కూడా ఒక ఏడాది పొడిగింపు ఇచ్చారు, 2026 అక్టోబర్ 13 దాకా. 30 డాలర్లు కట్టక్కర్లేదు, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే ఉచితమే. అప్‌డేట్ పేజీలో ఎన్‌రోల్ అని వస్తుంది. రూఫస్ అనే టూల్‌తో పెన్‌డ్రైవ్ చేసి 11 బలవంతంగా ఎక్కించేవాళ్లూ ఉన్నారు, మీ 6వ తరం మీద ఎక్కుతుంది. కానీ అలా ఎక్కించినవాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెప్పింది. ట్యాలీ ఉన్న సిస్టమ్ మీద నేనైతే ఆ పని చేయను. కోర్ 2 డ్యుయోల మీద అసలు కుదరదు, విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి ఆ పాత ప్రాసెసర్లలో లేని ఇన్‌స్ట్రక్షన్లు అడుగుతోంది, బూటే అవ్వదు.

గాజువాక_గిరి
అయితే బీచ్ రోడ్ వాళ్లకి సపోర్టు ఆపేది సముద్రమన్నమాట. మాకు గాజువాకలో దుమ్ము ఆపుతుంది.

మింట్_మహేష్
ఇంత చర్చ జరిగినా ఎవరూ అనలేదు, లినక్స్ మింట్ (విండోస్‌కి బదులు వాడే ఉచిత ఓఎస్) వేసుకోండి. 6వ తరం ఐ5, 16 జీబీ అంటే దానికి రాజభోగం. ఇంకో లినక్స్ ఉబుంటు ఉంది, దాని ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం సపోర్టుండే) వెర్షన్‌కి 5 ఏళ్లు, ప్రో తీసుకుంటే 10 ఏళ్లు, ఇంట్లో 5 సిస్టమ్‌ల దాకా ఉచితం.

డీటీపీ_సత్యం
పేజ్‌మేకర్ నడుస్తుందా అందులో?

మింట్_మహేష్
వైన్‌లో (లినక్స్ మీద విండోస్ ప్రోగ్రాములు నడిపే సాఫ్ట్‌వేర్) ప్రయత్నించవచ్చు. రోజువారీ పనికి నమ్ముకోమని చెప్పను.

సీతమ్మధార_శ్రీను
ట్యాలీ?

మింట్_మహేష్
అదీ విండోస్‌దే అన్నా. దానికి విండోస్ ఉంచుకోవాల్సిందే.

కెర్నల్_రాజు
లినక్స్ కూడా పాతవాటిని వదిలేస్తుంది, ఆ సంగతి కూడా చెప్పండి. 1991లో లినక్స్ పుట్టిందే 386 ప్రాసెసర్ మీద. 2012 డిసెంబర్‌లో ఆ 386కే సపోర్టు తీసేశారు. అది ఉన్నందుకు కెర్నల్‌లో ఎక్కడ మార్పు చేసినా అదనపు పని పడుతోందని కారణం. డెబియన్ అనే లినక్స్‌లో 2025లో వచ్చిన 13వ వెర్షన్ నుంచి 32 బిట్ పీసీలకి ఇన్‌స్టాలర్ లేదు. అక్కడ అమ్ముకోవడానికి కంప్యూటర్లు లేవు, లాభం లేదు, అయినా ఆపారు. గిరి దీనికి ఏమంటావ్?

గాజువాక_గిరి
1985 నాటి ప్రాసెసర్‌ని 2012 దాకా మోశారంటే 27 ఏళ్లు గురూ. మా శ్రీనన్న సిస్టమ్‌కి తొమ్మిదేళ్లే. ఆ 27లో సగం ఇచ్చినా మేం నోరెత్తం.

మింట్_మహేష్
గిరి కొట్టాడు. పైగా లినక్స్‌లో తీసేసినా కోడ్ అందరి దగ్గరా ఉంటుంది, కావాలన్నవాడు పాత కెర్నల్ పట్టుకుని తనే సరిచేసుకోవచ్చు. విండోస్ డ్రైవర్‌కి ఆ దారి లేదు, కంపెనీ వదిలేస్తే ఇక ఎవరూ ముట్టుకోలేరు. సపోర్టు ఆపే రోజున చిప్ పత్రాలు, డ్రైవర్ సోర్స్ బయట పెట్టాలని రూలుంటే సగం గొడవ తీరిపోతుంది.

పాత_సీపీయూ
ఇంకో సంగతి. ఓఎస్‌కి సపోర్టు పోయిన రోజున మెషీన్ ఆగిపోదు. నిజంగా ఆగేది బ్రౌజర్ వదిలేసినప్పుడు. విండోస్ 7కి 2020లో పోయింది, క్రోమ్ 2023 దాకా నెట్టుకొచ్చి 109వ వెర్షన్‌తో ఆపేసింది. ఆ తర్వాత ఒక్కో సైటు మొరాయించడం మొదలవుతుంది. విండోస్ 10 వాళ్లు కూడా క్రోమ్, ఫైర్‌ఫాక్స్ ఏం ప్రకటిస్తాయో చూస్తూ ఉండాలి.

లక్ష్మి_ఎన్ఏడీ
బ్యాంకు పని చేసే సిస్టమ్‌ని అలా చూస్తూ కూర్చోలేం కదా. నాలాంటివాళ్లకి ప్యాచ్ ఆగిన రోజే ఆఖరు రోజు.

ఎంవీపీ_మాస్టారు
నేను కోరేది ఒక్కటే. ఫ్రిజ్ కొంటే తలుపు మీద నక్షత్రాల స్టిక్కర్ ఉంటుంది, ఎంత కరెంటు కాలుస్తుందో కొనేముందే తెలుస్తుంది. కంప్యూటర్ డబ్బా మీద కూడా అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా వస్తాయో అచ్చేయాలి. కుదరని పనేం కాదు. క్రోమ్‌బుక్‌లకి 10 ఏళ్లని 2023లో గూగుల్ ప్రకటించింది. పిక్సెల్ 8కి, శామ్‌సంగ్ ఎస్24కి 7 ఏళ్లన్నారు. ఐరోపాలో 2025 జూన్ 20 నుంచి ఫోన్లకి, టాబ్లెట్లకి చట్టమే వచ్చింది, అమ్మకం ఆపాక కనీసం 5 ఏళ్లు అప్‌డేట్లు ఇవ్వాలని. మనకి 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ పోర్టల్ వచ్చింది, 2023 ఏప్రిల్ నుంచి కొత్త ఈ-వ్యర్థాల నియమాలు అమల్లో ఉన్నాయి. అందులో తయారీదారుడు ఎన్ని టన్నులు రీసైకిల్ చేయించాలన్నది లెక్క. వస్తువు వ్యర్థం కాకముందే దాన్ని వ్యర్థం చేస్తున్న ఈ సాఫ్ట్‌వేర్ తేదీల మాట మాత్రం లేదు.

రుషికొండ_డిజైనర్
మాస్టారూ, ఆ స్టిక్కర్ 2020లో ఉంటే నాలుగు నెలలు ఆగి ఎం1 కొనేదాన్ని.

ఖాతా_పుస్తకం
స్టిక్కర్ వస్తే సెకండ్ హ్యాండ్ రేటు కూడా దాన్నిబట్టే తేలుతుంది. ఇప్పుడు పాత ఆఫీసు ల్యాప్‌టాప్‌లు 6వ, 7వ తరానివి చవగ్గా వస్తున్నాయని స్టూడెంట్లు ఎగబడి కొంటున్నారు, 11 రాదన్న సంగతి వాళ్లకి చెప్పేవాడు లేడు.

మద్దిలపాలెం_మెకానిక్
నేను చెప్తున్నాను బాబూ, వినరు. రేటు చూస్తారు.

సీతమ్మధార_శ్రీను
మెకానిక్ తమ్ముడు చెప్పినట్టే ఎన్‌రోల్ చేశాను, 2026 అక్టోబర్ దాకా అని చూపిస్తోంది. అమ్మాయి పనికి ఇంకో చిన్న ఎస్ఎస్‌డీలో మింట్ వేసి చూద్దామనుకుంటున్నా, విండోస్‌ది ముట్టుకోకుండా. రాజు గారూ, కారణాలు విడమరిచి చెప్పినందుకు థాంక్స్, కానీ 7వ తరం ప్రశ్నకి మైక్రోసాఫ్ట్ జవాబు చెప్పేదాకా నా కోపం తగ్గదు. మహేష్, అందులో తెలుగు టైపింగ్ ఎలా?

మింట్_మహేష్
ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు) లేఅవుట్ అందులోనే ఉంటుంది, కీబోర్డు సెట్టింగ్స్‌లో తెలుగు కలుపుకుంటే చాలు. రెండో ఎస్ఎస్‌డీలో వేసేటప్పుడు విండోస్ డిస్క్ కేబుల్ పీకేసి వేయండి, బూట్ గొడవలు ఉండవు.

డీటీపీ_సత్యం
అందరి పని అయింది, నా శుభలేఖల సంగతి ఎవరైనా చెప్పండయ్యా. ఆ ఎక్స్‌పీ హార్డ్‌డిస్క్ ఈమధ్య టక్ టక్ మంటోంది.

మద్దిలపాలెం_మెకానిక్
సత్యం బాబాయ్, ఆ చప్పుడు వస్తుంటే ఇక దాని మీద పని చేయొద్దు, ముందు డిస్క్ మొత్తం క్లోన్ (అచ్చు నకలు) తీయాలి. ఆపేసి షాపుకి పట్టుకురండి. తర్వాత ఫైళ్లన్నీ పీడీఎఫ్ చేసి పెట్టుకోండి, కనీసం చూపించడానికి ఉంటాయి. ఇన్‌డిజైన్ పాత సీఎస్ వెర్షన్లు పేజ్‌మేకర్ 7 ఫైళ్లని తెరుస్తాయి, కానీ అక్షరాలు అనులోనే ఉంటాయి. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, మార్చాక ఒత్తులు ఒకసారి కళ్లతో చూసుకోవాల్సిందే.

డీటీపీ_సత్యం
రేపు పొద్దున్నే తెస్తా. షాపు ఎన్నింటికి తీస్తావు?

మద్దిలపాలెం_మెకానిక్
పదింటికి. పవర్ కేబుల్ అక్కర్లేదు, సీపీయూ ఒక్కటే తెండి, బండి మీదైతే పడుకోబెట్టకుండా నిలబెట్టి పట్టుకోమనండి.